అవ్వ తిట్టని రోజులు

నన్ను కన్న అవ్వ తన కిడ్నీ ఒకటి నాకిచ్చింది. నా రక్తంలోని కణాలు ఆ కిడ్నీతో కొట్లాటకు దిగుతున్నాయేమో చూడాలని, ఆపరేషన్ తర్వాత కరీంనగర్ డాక్టర్ ఒక పరీక్ష రాశాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి అవ్వ నన్ను తిట్టడం మానేసింది. ఇంట్లో మరమగ్గాల చప్పుడును మించిన గొంతు ఆమెది. నేను మందుబిళ్ల ఆలస్యంగా వేసుకున్నా నోరు మెదపలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఏమైందే అవ్వా నీకు?"

"నేను లొల్లి చేస్తె, నీ కడుపుల నా కిడ్నీ గూడ లొల్లి చేస్తది బిడ్డా. గా రిపోర్టు రానీ."

రిపోర్టు వచ్చింది. కొట్లాట జాడే లేదని డాక్టర్ ఫోన్‌లో చెప్పాడు. నేను ఫోన్ పెట్టేసేలోపే అవ్వ తిట్లు అందుకుంది.

"గిప్పుడు చెప్పురా, మొన్న మాస్కు లేకుండ చాయ్ హోటల్‌కు ఎందుకు వోయినవ్?"

ఆ పూటంతా మగ్గాల చప్పుడు నాకు వినపడలేదు.