ఒడిలో దాచిన గంగవాయిలి

నేను సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. బదిలీలు, పెళ్లిళ్లు, గోదావరి వరదలు, కొబ్బరికి పట్టిన తెగుళ్లు అన్నీ వాటిలో ఉన్నాయి. మా అమ్మ చేలగట్ల మీద కోసుకొచ్చిన కూరల ఊసు మాత్రం ఒక్క పేజీలోనూ లేదు. సిగ్గుపడి రాయలేదు.

అమ్మ ఊడ్పులకీ కలుపులకీ కూలికి వెళ్లేది. తిరిగొచ్చేటప్పుడు ఒడినిండా గంగవాయిలి లాంటి గట్టు కూర ఉండేది. రైతుల వీధి రాగానే దాని మీద చెంగు కప్పేసేది. మాకు ఉద్యోగాలొచ్చాక ఇంట్లో ఆ కూర వండడమే మానేశారు.

మొన్న వానలు మొదలయ్యాక మా చర్చి సంఘంలో ప్రేమ విందు పెట్టుకోవాలనుకున్నారు. ఆరాధన అయ్యాక ఇంటికొక వంటకం తెచ్చి అందరూ కలిసి తినాలి. నేను గంగవాయిలి పప్పు తెస్తానన్నాను. బ్యాంకు ఆఫీసరుగా రిటైరైన మా తమ్ముడు ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు.

"అన్నయ్యా, నీ పేరు మీద పనీరు కూర చెప్పేస్తాను. ఆ గట్టు కూర వద్దు."

"ఏం?"

"ఏమేంటి! మనం ఏరుకు తిన్నోళ్లమని మైకులో చెప్పుకోవాలా?"

"మైకెందుకురా, గిన్నె మీదే రాసి పెడతాను."

అనడమైతే అనేశాను. తీరా చూస్తే గంగవాయిలిని గుర్తుపట్టడం నాకు రాదు.

అమ్మ చెల్లెలు, ఎనభై దాటిన మా పిన్ని, నన్ను గట్టుకి తీసుకెళ్లింది. "ముందు ఒక్క కూర నేర్చుకో. అన్నీ ఒకేసారి పట్టుకుంటే దేనికీ కాకుండా పోతావు" అంది. కాడ ఎర్రగా, ఆకు దళసరిగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే పులుపు. పక్క చేలో గడ్డిమందు కొట్టారేమో అడిగి కోయాలి. రొయ్యల చెరువు నీళ్లు పారేచోట ముట్టుకోకూడదు. అన్నీ వరసగా రాసుకుని, ఒక కొమ్మని డైరీ పేజీల మధ్య పెట్టి అదిమాను.

వారం తరవాత ఒక్కణ్ణే వెళ్లాను. ఎండిన కొమ్మతో పోల్చి చూసుకుని, సరిపోయిందనుకున్న మొక్కని బుట్టెడు కోసి పిన్ని ముందు పెట్టాను. ఆవిడ ఒక కాడ తుంచి నా కళ్లద్దాల ముందు పట్టుకుంది. తెంపిన చోట తెల్లటి పాలబొట్టు ఊరింది.

"ఏరా మేస్టారూ, ఇది ఎవరికి పెడదామని? సంఘం మొత్తం మంచాన పడుద్ది."

"డైరీలో కొమ్మకి సరిపోయింది పిన్నీ."

"ఎండిపోయినాక దేనికైనా దళసరుంటదేటి? పాలుంటాయేటి? నీ బుక్కుకి నేర్పావు గానీ నీ వేళ్లకి నేర్పలేదు."

నిజమే. గంగవాయిలీ, నేను కోసిన ఈ పాల మొక్కా రెండూ నేల మీద పాకేవే, రెండింటి కాడా ఎర్రగానే ఉంటుంది. డైరీలో గంగవాయిలి ఆకు కాగితంలా పలచబడిపోయింది. బుట్టంతా పారబోశాను. "చేతులు కడుక్కో, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకు" అంది పిన్ని. మర్నాడు మళ్లీ గట్టుకి తీసుకెళ్లి, ఒక్కో కాడా నాచేత తుంచించింది. పాలు కారితే పారెయ్యాలి. తుంచకుండా ఏదీ బుట్టలో వెయ్యకూడదు. ఆ పూట నేను డైరీ పట్టుకెళ్లలేదు.

విందుకి ముందురోజు నేనే కోశాను. మూత లేని బుట్టతో, చుట్టూ తిరిగి పోకుండా, రైతుల వీధిలోంచే వచ్చాను. అరుగు మీద కూర్చున్న పెద్దాయన పలకరించారు.

"ఏంటండీ మేస్టారూ, మేకలకాండీ?"

"మాకేనండీ. మా అమ్మ ఈ వీధిలో దీన్ని కొంగు కింద దాచుకుని వెళ్లేదండీ. నేను దాచటం లేదండీ."

"ఆయ్" అని తలూపారాయన.

ఆదివారం గిన్నె ముందు అట్టముక్క నిలబెట్టాను: గంగవాయిలి పప్పు, చేలగట్టు మీద కోసినది. అది చదివి కొందరు పక్క గిన్నెకి వెళ్లిపోయారు. కొందరు రెండోసారి వేయించుకున్నారు. పిన్ని కుర్చీ వేయించుకుని గిన్నె పక్కనే కూర్చుంది. అందరూ అయ్యాక మా తమ్ముడు కంచం పట్టుకుని వచ్చాడు. నిలబడే తిన్నాడు.

"అమ్మ ఇంత కారం వేసేది కాదు" అన్నాడు.

"గట్టుకి రా, ఈసారి నువ్వే వండుదువు గాని" అన్నాను. వాడు కంచం మళ్లీ చాపాడు.

ఆ రోజు డైరీలో మా అమ్మ కూలికి వెళ్లేదని, గట్టు కూరతో మమ్మల్ని పెంచిందని రాశాను. పక్కన కొమ్మ పెట్టలేదు.