ఐవీ క్లెగ్ ఇంటి సింకు

ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్ నూలుమిల్లులో ఇరవై రెండేళ్లుగా మగ్గాలు చూస్తున్న ఐవీ క్లెగ్ ఇంటి గడప మీద మరక చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. ప్రతి శుక్రవారం మోకాళ్ల మీద కూర్చుని రాయితో రుద్దేది. భర్త పోయాక పైగది అద్దెకిచ్చింది. అందులో దిగినవాడు డెరెక్ ఫోస్‌డైక్, బళ్లో బొమ్మలు నేర్పే మాస్టారు.

1955 ఫిబ్రవరిలో ఐవీ జ్వరంతో అయిదు రోజులు మంచం దిగలేదు. డెరెక్ టీ కాచి మంచం దగ్గరికి తెచ్చిచ్చాడు. గిన్నెలు మాత్రం తోమలేదు. వాటి బొమ్మ వేశాడు. అడుగంటిన జావగిన్నె, మరకల కప్పులు, కుళాయికి వేలాడే ఆమె మేజోళ్లు. దానికి ‘మిసెస్ క్లెగ్ ఇంటి సింకు’ అని పేరు పెట్టాడు.

ఆ సంగతి ఆమెకు మళ్లీ చలికాలం వచ్చే ముందు తెలిసింది, అదీ పేపర్లో. బొమ్మను మాంచెస్టర్ ప్రదర్శనలో పెట్టారు. ఫోటో కింద ‘కిచెన్ సింక్ చిత్రకారులు’ అని రాశారు. మగ్గాల హోరులో మాట వినపడదు కనుక మిల్లు ఆడవాళ్లు పెదాల కదలికతోనే మాట్లాడుకుంటారు. ఆ చివరనుంచి ఒకామె పెదాలతో ‘సింకు’ అంది. వరసగా తలలు తిరిగాయి. చప్పుడు లేని ఆ నవ్వుకు ఐవీ చెవులు కాలిపోయాయి.

సాయంత్రం పేపరు డెరెక్ ముందు పరిచింది.

“ఈ కిచెన్ సింక్ అనేది పొగడ్తా, తిట్టా?”

“మొదట ఆ మాటన్న విమర్శకుడు వెటకారానికే అన్నాడు మిసెస్ క్లెగ్. ఎవరైనా సామానంతా మూటకట్టుకుపోతే, సింకొక్కటే వదిలాడంటాం కదా. మేం దాన్నీ వదల్లేదట. మేం ఆ పేరే ఉంచేసుకున్నాం. మామూలు మనుషులు బతికే చోటు గియ్యాలని మా పట్టుదల.”

“మామూలు మనుషులు గిన్నెలు తోముకుంటారు నాయనా. నువ్వు ఒక్క కప్పైనా కడిగావా?”

అతను శనివారానికల్లా గది ఖాళీ చేసి లండన్ వెళ్లిపోయాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సోమవారం మిల్లులో ఐవీ, అది తన సింకు కాదంది. హల్ ఊళ్లో డెరెక్ వాళ్లమ్మ ఇంటిదట, కన్నతల్లి పరువు పోతుందని ఐవీ పేరు తగిలించాడట. పక్కింటి ఎల్సీ ఆ మాట నమ్మి వీధంతా చెప్పింది.

రెండు వారాలకు డెరెక్ తల్లి కొడుకు వదిలేసిన రంగులపెట్టె కోసం వచ్చింది. ఆసుపత్రిలో నేల తుడిచే మనిషి, చాకలిసోడాకు పగిలిన చేతులు. వంటింట్లోకి అడుగుపెట్టేసరికి ఎల్సీ కూడా వెనకాలే వచ్చింది.

“మీ సింకు పేపర్లో చూశామమ్మా. అంత పేరొచ్చాక కడగడానికి మనసెలా ఒప్పుతుందిలే,” అంది.

ఆ తల్లి ఐవీ వైపు చూసింది. ఐవీ వెనక, కొడుకు గీసిన బొమ్మలోని మూల విరిగిన సింకే, ఆ కుళాయే. ఆమెకు అంతా అర్థమైందని ఐవీకీ తెలిసిపోయింది. ఒక్క మాటంటే చాలు, ఐవీ అబద్ధం బయటపడేది.

“ఇంటిపనికి నాకెప్పుడూ తీరిక చిక్కలేదు తల్లీ,” అని ఎల్సీతో అని, పెట్టె తీసుకుని వెళ్లిపోయింది.

ఐవీ టీ తాగి వెళ్లమని కూడా అనలేకపోయింది.

మరుసటి శనివారం మాంచెస్టర్ వెళ్లి బొమ్మ ముందు నిలబడింది. పక్కన టోపీలు పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు ‘అచ్చం కిచెన్ సింక్’ అని మురిసిపోతున్నారు. “ఇది నా సింకే,” అంది ఐవీ. వాళ్లు మర్యాదగా నవ్వి పక్కకు జరిగారు. ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పడం తేలికే. ఎల్సీకి చెప్పడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

విని ఎల్సీ నవ్వలేదు. “అయితే నేను ఆవిణ్ణి అన్న మాటలో?” అని కుర్చీలో కూలబడింది.

ఇద్దరూ కలిసి హల్‌లో డెరెక్ తల్లికి క్షమాపణ ఉత్తరం రాశారు. రెండు వాక్యాల జవాబొచ్చింది. హల్‌లో వాన ఎక్కువగా ఉందట, డెరెక్‌కు ఉద్యోగం దొరికిందట. సింకు ఊసే లేదు. ఒక్క తిట్టు రాసున్నా ఐవీకి తెరిపిగా ఉండేది.

తర్వాత్తర్వాత ఆ ‘కిచెన్ సింక్’ పేరు నాటకాలకూ సినిమాలకూ ఎక్కింది. రేడియోలో వినపడినప్పుడల్లా ఆమె లేచి కట్టేసేది. మనవరాలు కారణమడిగితే తలనొప్పనేది.