కుళాయి గుంట

ఎదురింటి చిన్నకోడలు ఆస్తి కోసం తోడికోడలితో మాటలు మానేసిందని వీధంతా అంటున్నారు గానీ, అది ఉత్తిమాట. అసలు గొడవ నీళ్ల దగ్గర. ఈ కరువులో కుళాయి ఎంత కిందికుంటే అంత ధార వస్తుంది. పక్క వాటాలో పెద్దకోడలు గుంట జానెడు తవ్విస్తే, ఈవిడ మూరెడు తవ్విస్తుంది. ఆ గుంటలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, గోడకి చెవి ఆనించి, అవతల బిందె నిండే చప్పుడు వింటూ పళ్లు నూరుతుంది. నిన్న పెద్దకోడలి కుళాయిలో చుక్క రాలేదు, ఈవిడ బిందెలన్నీ నిండాయి. అయినా మొహం మాడ్చుకుని కూర్చుంటే ఉండబట్టలేక అడిగేశాను, "ఇంకా దేనికే నీ ఏడుపు?" అని.

"ఖాళీ బిందె పట్టుకుని, నా గుమ్మం దాటుకుని, నీళ్లకి ఆ దర్జీ వాళ్లింటికెళ్లింది పిన్నీ! అక్కకి నేను కనపడలేదా?"