‘లేదు’ అనని దుకాణానికి వెబ్‌సైట్

ప్రతి పొద్దునా సాంచాలు మొదలుకాకముందే జమున వాటి కింద రాలిన నూలుపోగులు ఏరుతుంది. సాంచాలంటే మరమగ్గాలే, కరీంనగర్‌లో మా వాడంతా అలాగే అంటుంది. ఆ పోగులు దులిపి, వత్తులు పేని, రోజుకో ఇంటి గడప మీద పెట్టి వస్తుంది. వత్తులు కొనుక్కోలేని వాళ్లు కారు ఎవరూ. అయినా ఆ పూట ఆ ఇంట్లో దేవుడి ముందు ఆమె చేతి వత్తే వెలుగుతుంది. తనతో మాటలు మానేసిన వాళ్ల గడప కూడా ఆమె ఎన్నడూ దాటిపోలేదు.

జమున చదివింది పదో తరగతి. భర్త పరశురాములు నాలుగు సాంచాల మీద నూలు దుప్పట్లు నేస్తాడు. అత్త శంకరవ్వ ఇంటి ముందుగదిలో దుకాణం చూస్తుంది. నేసిన సరుకులో చాలాభాగం బజారులోని ఒక టోకు వ్యాపారి తీసుకెళ్లేవాడు. రెండేళ్ల కింద, బతుకమ్మ పండుగకు నెల ముందు, అతను మానేశాడు.

“నూలుయి ఎవ్వలు అడుగుతలేరు పరశురాములూ. బొచ్చు రగ్గులే నడుస్తున్నయ్.”

దుప్పట్లు దూలాల దాకా పేరుకున్నాయి. ఈ సరుకు కదలకపోతే రెండు సాంచాలు తుక్కుకు వేయక తప్పదన్నాడు పరశురాములు. ఆ రెండూ అతని బాపు నడిపినవి. ఆ మాట అన్నాక రెండు రోజులు అతనికి అన్నం సహించలేదు.

వెబ్‌సైట్ పెట్టుకొమ్మని ఎవరో సలహా ఇచ్చారు. చేసిపెడతామన్న హైదరాబాద్ వాళ్లు, దుప్పటి చూడకుండానే దాని గురించి రాసి పంపారు. “మెత్తని కలల కౌగిలి” అని ఉంది అందులో. జమున పడీపడీ నవ్వింది.

“కౌగిలేంది? మొదటి ఉతుకు దాక గంజి వాసనొస్తది. గది రాయాలె. మనమే చేసుకుందాం.”

“మనమంటే ఎవ్వలే?” అన్నాడు పరశురాములు.

“నేను.”

“గదేమన్న ఫ్యూజు మార్సుడా?”

“ఫ్యూజు గూడ నేనే మారుస్తున్న గదా!”

రెండిళ్ల అవతల మీసేవ నడిపే రోజారాణి, మధ్యాహ్నం జనం పలచబడ్డాక తన రెండో కంప్యూటర్ ఇచ్చేది. జమున ఫోన్‌లో వీడియోలు చూసి, నోటుబుక్కులో రాసుకుని, ఇరవై రెండు రోజులు అక్కడ కూర్చుంది. రోజారాణి ఒక్కసారి కూడా లెమ్మనలేదు. ఎవరైనా పని మీద వస్తే వాళ్లకే చాయ్ తెప్పించి కూర్చోబెట్టేది.

ఫొటోలు మిద్దె మీద ఎండలో తీశారు. దుప్పటి పట్టుకుని నిలబడింది శంకరవ్వ.

“ముఖం రావద్దత్తమ్మా, చేతులు చాలు.”

“నా ముఖానికేమైందే? ముప్పయ్యేండ్ల సంది గీ ముఖం జూసే బేరాలైతున్నయ్!”

చివరికి ముఖంతోనే పెట్టారు.

దసరా మర్నాడు సైట్ తెరిచారు. నల్లంచు దుప్పట్లు వారానికే ఖాళీ అయ్యాయి. అయిపోయిన సరుకు పక్కన ‘లేదు’ అని పెట్టాలి. శంకరవ్వ ససేమిరా అంది. మా వైపు దీపం పెట్టిన దుకాణంలో ఆ మాట పలకరు. ‘నిండుకుంది’ అంటారు, ‘వస్తది’ అంటారు.

“లక్ష్మి కూసున్న జాగల లేదని రాస్తవా? లోకమంత సదివేటట్టు?”

జమునకూ చెయ్యి రాలేదు. ‘వస్తున్నయ్’ అని రాసి, కొనే బటన్ అలాగే వదిలేసింది.

దుకాణానికి వచ్చినవాళ్లు ఆ మాట వింటే సంగతి తెలుసుకుని వెళ్లిపోతారు. దూరాన ఫోన్‌లో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆరు రోజుల్లో డెబ్బై మూడు ఆర్డర్లు పడ్డాయి. ఇంట్లో నల్లంచుది ఒక్కటీ లేదు. నూలుకు రంగు వేయించి తేవడానికే నాలుగు రోజులు పడుతుంది. సరుకేదని ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన మోసమని కూడా అన్నాడు.

“బందువెట్టే! ఇజ్జత్ పోతది,” అని పరశురాములు తల పట్టుకున్నాడు. తుక్కు వ్యాపారిని ఆదివారం రమ్మని చెప్పేశాడు.

మర్నాడు పొద్దున జమున దేవుడికి దండం పెట్టుకుని, నోటుబుక్కు ముందేసుకుని, డెబ్బై మూడు మందికీ ఫోన్ చేసింది. అందరికీ ఒకటే మాట.

“మీ దుప్పటి ఇంకా నెయ్యలే. తప్పు నాదే. దీపావళి పోయిన మూడొద్దులకు సాంచా దిగుతది. ఆగుతరా?”

జైనూర్ నుంచి ఆర్డరు పెట్టిన అంగన్‌వాడీ ఆయమ్మ పోశవ్వ అంతా విని అడిగింది. “సాంచా దిగంగనే సీదా నాకేనా? గట్లయితె ఇంకో రెండు రాసుకో బిడ్డా. మా దిక్కు చలి జబర్దస్త్ ఉంటది.”

వద్దన్నవాళ్లు నలుగురే. మిగతా అరవై తొమ్మిది మందీ ఆగారు. తెలియని మనిషి మాట మీద అంతమంది ఆగడం చిన్న దయ కాదు.

ఆ మధ్యాహ్నమే జమున ‘వస్తున్నయ్’ తీసేసి, ప్రతి దుప్పటి పక్కన అది సాంచా దిగే తేదీ రాసింది. ఆ రోజు ఎన్ని దిగుతాయో అన్ని ఆర్డర్లకే బటన్ పనిచేసేలా చేసింది. అత్త మాట నిలిచింది, అబద్ధమూ పోయింది. తమ దుప్పటి ఏ రోజు నేస్తారో తెలియడం జనానికి ఎంత నచ్చిందో! ఆర్డర్లు ఆగలేదు.

ఆదివారం తుక్కు వ్యాపారి ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. నాలుగు సాంచాలూ దడదడలాడుతున్నాయి. అతను ఏదో అడిగాడు, ఆ చప్పుడులో వినబడలేదు. పరశురాములు నవ్వుతూ గొంతెత్తి అరిచాడు.

“అమ్మేటియి లేవు!”

ముందుగదిలో శంకరవ్వ ఆ మాట వినీ విననట్టు తమలపాకు నములుతూ కూర్చుంది.

దీపావళి తర్వాత చెప్పిన రోజుకే అరవై తొమ్మిదీ వెళ్లాయి, పోశవ్వవి రెండూ అదనం. కార్తీకం సగమయ్యేసరికి తేదీలన్నీ పుష్యం దాకా నిండిపోయాయి. దూలాల దాకా ఉన్న పాత సరుకులో మిగిలింది ఏడు దుప్పట్లు.

“ఇంకో రెండు సాంచాలు తెద్దామా?” అన్నాడు పరశురాములు సంబరంగా. చలి ముదురుతోంది. కొత్త సాంచాలు బిగించేదాకా అది ఆగదు.

జమున చెప్పులేసుకుని వాడ చివరికి నడిచింది. అక్కడ హనుమండ్లుది రెండు సాంచాల ఇల్లు. అరవై ఏళ్ల నేతగాడు, చెయ్యి తిరిగినవాడు. పని దొరక్క ఏడాది కింద సాంచాలు ఆపి, ఒక అపార్ట్‌మెంట్‌కు కాపలా పోతున్నాడు. ఎవరైనా జాలిపడి పని ఇస్తామంటే, “నాకేం తక్కువ?” అని మొహం తిప్పుకునేవాడు. జమున వెళ్లేసరికి కాపలా చొక్కాకు ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

ఆమె లోపలికి పోలేదు. గడప దగ్గరే నిలబడింది.

“హనుమండ్లు మామా, ఆపదల పడ్డ. మాటిచ్చిన తారీఖులు దాటేటట్టున్నయ్. నీ సాంచాలు జర నడిపి నన్ను గట్టెక్కిస్తవా?”