నేతి మీసం, నా పరపతి

ఖాళీ కడుపుతో ఉన్నవాడు మీసానికి నెయ్యి రాసుకొని బజారుకు పోతే ఏమవుతుందో మీలో ఎవరికీ తెలిసి ఉండదు. నాకు తెలుసు. వేలి కొనంత నెయ్యి నా నోటి దగ్గరి కూడు లాగేసింది, నా వెంట ఊరేగింపు తెచ్చింది, ఏ పాపమూ ఎరుగని ఒక కోడిపెట్టను ఉగ్రకాళిని చేసింది. ఈ వయసులో కూడా నేను మార్కాపురం బజారులో కనబడితే "అదిగో, పరపతి తాత" అని గొణిగేవాళ్ళున్నారు. నాకు వినబడదనుకుంటారు. నాయనలారా, నాకు కళ్ళు మసకబారాయి గానీ చెవులు ఇంకా పనిచేస్తున్నాయి! ఎటూ గొణుగుతున్నారు కాబట్టి కథ ఏదో సరిగ్గా తెలుసుకొని గొణగండి.

మనకు ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తలు. రాజధాని కర్నూలు. మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కూడా అప్పుడు కర్నూలు జిల్లాలోవే. రాజధాని మన జిల్లాకే వచ్చిందని బెల్లం పంచిపెట్టారు. రాజధాని వచ్చింది, వాన రాలేదు. జొన్నచేలు మోకాలెత్తులోనే నిలబడి ఎండిపోయాయి. నేను పలకల కార్ఖానాలో చెక్క చట్రాలు బిగించేవాణ్ణి. చేలు పండకపోతే పిల్లల్ని బడికి పంపేదెవరు? బడికి పంపకపోతే పలక కొనేదెవరు? పలకలు మా యజమాని దొడ్లో గుట్టలుగా పడ్డాయి. ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "కొండయ్యా, ఎవురూ అడగడంల్యా. వానలు పడినాక కబురు చేస్తా, పో" అన్నాడు. ఆకాశం చూస్తే ఆ కబురు ఈ జన్మలో వచ్చేట్టు లేదు.

"అప్పులేనివాడే అధిక బలుడు" అంటారు పెద్దలు. ఆ లెక్కన మా తాలూకాలో నన్ను మించిన పహిల్వాను లేడు. నాకు అప్పిచ్చే మొనగాడే పుట్టలేదు.

బతకడానికి ఒక్క దారి కనిపించింది. త్రిపురాంతకం రోడ్డు మీద సర్కారు కరువు పని మొదలుపెట్టింది. కంకర కొట్టాలి, మట్టి మోయాలి. అయితే కూలి వెంటనే చేతికి రాదు, కొలతలు తీశాక వస్తుంది. అందాకా తినడానికి గురప్పసెట్టి దుకాణంలో జొన్నలు అరువు పుట్టాలి. పని లేకపోతే అరువు తీర్చలేను. అరువు లేకపోతే పని చేసే ఓపిక ఉండదు. రెండూ కావాలి. ఇక్కడే ఉంది మెలిక. కరువు పనేమో లేనివాళ్ళకే ఇస్తారు. అరువేమో ఉన్నవాళ్ళకే ఇస్తారు!

ఇక నా చదువు సంగతి చెప్పాలి. నేను బడి ముఖం చూడలేదు. కార్ఖానాలో పారేసిన పలక ముక్కల మీద నాకు నేనే దిద్దుకున్నాను. విరిగిన పలక మీద నేర్చిన చదువు కదా, అంచుల దగ్గర కొంచెం లోటుండేది. ఆ ఏడు తిరునాళ్ళలో వ్యాపారం గురించిన పుస్తకం ఒకటి దొరికింది. ముందు అట్ట లేదు, వెనక అట్ట లేదు, మధ్యలో చెదలు తమ వాటా తీసుకున్నాయి. ఒక పేజీ అడుగున ఇలా ఉంది: "పరపతే పెట్టుబడి. ఉన్నవాడికే అప్పు పుట్టును. కావున లేకున్నను ఉన్నట్టు కనబడవలెను, అవసరమును బయటపెట్టరాదు". ఆ తరువాతి పేజీ చెదలు తినేశాయి. తింటే తిన్నాయి, విషయం దొరికింది కదా అనుకున్నాను.

నా భార్య కాశమ్మ చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది.

"కాశమ్మా, మనకు పరపతి కావాలే" అన్నాను.

"ఏం పతి?"

"పరపతి."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఉన్న పతితోనే యాగలేక సస్తాండ. ఇంగ పరాయి పతి గూడానా? పెండ్లాంతో అనే మాటేనా అది?"

"ఓసి పిచ్చిదానా, పరపతంటే మన మాట మీద అప్పు పుట్టడమే!"

"ఓ, అదా? దానికి పుస్తకమెందుకయ్యా? నేను ఈ పొద్దున బజారుకు పోయి..." అని ఏదో మొదలుపెట్టింది.

నేను పుస్తకంలో ఉన్నాను. "ఊఁ" అన్నాను. ఆమె చెబుతూనే ఉంది. "ఊఁ, ఊఁ" అన్నాను. చదువుకున్న మగవాడు ఆడవాళ్ళ మాటకు ఇంతకంటే ఏమి మర్యాద చేస్తాడు చెప్పండి? ఆ ఊఁలు నన్ను ఏ ఊబిలో దించాయో చూద్దురుగాని.

సంతరోజు రానే వచ్చింది. ఆ రోజు సెట్టి దగ్గర ఉన్నవాడి వేషం, మరునాడు చిరుగుల పంచెతో, కరువు పనికి పేర్లు రాసుకునే ఇనస్పెక్టరు దగ్గర లేనివాడి వేషం. అదీ నా ఏర్పాటు. కాశమ్మ అటు కట్టెలకు పోగానే ఇటు నేను మా బావమరిది పుల్లయ్య ఇంటికి పోయి వాడి పెళ్ళి చొక్కా, జరీ కండువా అడిగాను. వాడు చొక్కాను పసిబిడ్డను అందించినట్టు అందించి, "బావా, చెమట పట్టనీకు" అన్నాడు. నడివేసవి. చెమట పట్టకుండా ఉండాలంటే శవాన్ని కావాలి.

తరువాత నెయ్యి. "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అని సామెత. మా తాతలు తాగింది గంజి. గంజి వాసన తరాలు నిలవదు. కనుక నేతిని నేనే సమకూర్చుకోవలసి వచ్చింది. మా పక్కింటి మల్లక్కకు గేదె ఉంది.

"అక్కా, రవంత నెయ్యి పెట్టు."

"ఎందుకబ్బయ్యా?"

"మందుకు."

"యాడ పుండు?"

"మూతి మీద."

మల్లక్క నా మూతిని అటూ ఇటూ తిప్పి చూసింది. పుండు కనబడలేదు. "లోపలుండాదేమో. పెండ్లాన్ని తిట్టేటోళ్ళకు లోపల లేస్తది" అని ఆముదపాకు మీద కాసింత పెట్టింది.

మీసాలకు పట్టించి మెలి తిప్పి బయలుదేరాను. వీధి మలుపు తిరిగేసరికి ఎర్రకుక్క ఒకటి నా వెంట పడింది. ఛీ అన్నా పోదు. నా మూతి వంకే భక్తిగా చూస్తూ నడుస్తోంది. పరపతి అంటే మన వెంట జనం నడవడమే కదా, జనానికి ముందు కుక్క వచ్చింది, శుభమే అనుకున్నాను.

గురప్పసెట్టి దుకాణం ముందు పెద్ద అరుగు. సెట్టికి కుడి చెవి మందం. నన్ను ఎప్పుడూ చూడలేదు. ఎట్లా చూస్తాడు? సంచి పట్టుకొని సరుకులకు పోవడం నాకు నామోషీ, అదంతా కాశమ్మ చూసుకునేది. నేను దర్జాగా పోయి అరుగు మీద కూర్చున్నాను. కుక్క నా ఎదురుగా కూర్చుంది.

"ఎవురు నాయనా?" అన్నాడు సెట్టి.

"కొండయ్య అంటారులే. బేరాలెట్ల ఉండాయి సెట్టిగారూ?"

"ఏం బేరాలు, ఈగలు తోలుకుంటాండ." ఆయన ముక్కు ఎగపీల్చాడు. "ఏందబ్బా, నెయ్యి వాసనొస్తాంది?"

"అదా! పప్పులో మా ఆడది చెయ్యి జారి పోసింది. ఒద్దంటే వినదు."

సెట్టి కళ్ళు పెద్దవయ్యాయి. ఈ కరువులో చేతులు జారి నెయ్యి పడే ఇల్లు ఉందా! ఆకు, వక్క నా ముందుకు జరిపాడు. "ఏం గావాల్నో చెప్పు, జొన్నలా?"

అంతే! 'కావాలి' అంటే అయిపోయేది. కానీ పుస్తకం ఏమన్నది? అవసరమును బయటపెట్టరాదు. "జొన్నలా? నాకెందుకు? గుమ్మి నిండా మూలుగుతాండాయి. ఊరికే మిమ్మల్ని చూసిపోదామని వచ్చినా" అన్నాను.

సెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవుడల్లే వచ్చినావయ్యా! నా దుకాణంలోనే గింజలు అడుగంటినాయి. రెండు బస్తాలు నువ్వే సర్దు. పంటలొచ్చినాక తీరుస్తా."

అరువుకు పోయినవాణ్ణి అరువడిగాడు! గొంతులో వక్క అడ్డం పడింది. దగ్గు ఆపుకుంటూ తల తిప్పితే, అరుగు ఆ చివర నీడపట్టున టోపీ పెట్టుకున్న మనిషి ఒకాయన పేర్లు రాసుకుంటున్నాడు. ముందు జనం వరుస కట్టి ఉన్నారు. ఎవరనుకున్నారు? కరువు పని ఇనస్పెక్టరు! బజారులో నీడున్న అరుగు అదొక్కటేనట. నేను రెండు రోజులకు పంచుకున్న నాటకం ఒకే రంగస్థలం మీద ఒకేసారి మొదలైంది.

"ఏయ్, నెయ్యాయనా! నీ పేరు కొండయ్యా? పలకల కార్ఖానా కొండయ్యా?"

"అవునయ్యా" అన్నాను నీరసంగా.

"నీ పేరు నిన్ననే రాసినానే! గుమ్మి నిండా జొన్నలు పెట్టుకొని కరువు పనికొస్తావా? లేనోడి నోరు కొడతావా?" అని సిరా ఒలికేట్టు నా పేరు కొట్టేశాడు.

నా పేరు అక్కడికి ఎవరిచ్చారో ఆలోచించే తీరిక ఎక్కడిది! ఆయన దగ్గరికి పోయి గొంతు తగ్గించి, "అయ్యా, ఒట్టు, ఇంట్లో గింజ లేదు" అన్నాను.

"ఏందంటాండావు?" అని వెనక నుంచి సెట్టి.

"గింజకు కొదవ లేదంటాండ సెట్టిగారూ!" అని ఆయన మంచి చెవి వైపు అరిచాను.

"ఉండాయా, లేవా?" ఇనస్పెక్టరు గుడ్లురిమాడు.

"లేవయ్యా" గొణిగాను.

"ఎన్ని బస్తాలు?" సెట్టి.

"మీ ఇష్టం!" అరిచాను.

అటు గొణుగుడు, ఇటు అరుపు. కుక్క తల కూడా అటూ ఇటూ తిరుగుతోంది. ఇంతలో జనంలోంచి మా పుల్లయ్య గొంతు: "బావా! చంకల కాడ తడిసింది చూడు! నా చొక్కా!"

వరుసలో వాళ్ళు గొల్లుమన్నారు. ఇనస్పెక్టరు లేచి నిలబడ్డాడు. "దాచిపెట్టిన గింజలు పట్టుకోవాల అని మాకు ఉత్తర్వు. పద, ఇల్లు చూపించు."

"నేనూ వస్తా, గోతాలు తెచ్చుకుంటా" అన్నాడు సెట్టి.

పెళ్ళికి కూడా నాకు అంత ఊరేగింపు జరగలేదు. ముందు నేను, నా వెనక కుక్క, టోపీతో ఇనస్పెక్టరు, గోతాలు చంకన పెట్టుకొని సెట్టి, చొక్కా మీద చూపు తిప్పకుండా పుల్లయ్య, ఆ వెనక పని పాటా లేని సగం మార్కాపురం. పని పోయిన కాలం కదా, తీరికకు మాత్రం కరువు లేదు.

ఇంట్లో మూలన వెదురు గుమ్మి ఉంది. జొన్నలు పండిన ఏడు మా నాయన అల్లించింది. ఇనస్పెక్టరు చేట మూత తీసి లోపలికి వంగాడు. లోపల జొన్నలు లేవు. మా కోడిపెట్ట గుడ్లు పొదుగుతూ కూర్చుంది. పొదుగు మీదున్న పెట్ట కలెక్టరునైనా లెక్కచేస్తుందా? ఒక్క ఎగురు ఎగిరి ఆయన ముక్కు మీద పొడిచింది. టోపీ గుమ్మిలో పడింది. పెట్ట దాని మీద కూర్చుంది.

"దొరికినాయా గింజలు?" అని సెట్టి ఆత్రంగా అడిగాడు.

అప్పుడు కట్టెల మోపుతో కాశమ్మ వచ్చింది. జనాన్ని చూసింది, చొక్కాను చూసింది, చివరికి నా మూతి దగ్గర ఆగింది.

"ఏందయ్యా ఆ మూతి? జిడ్డు కారతాంది?"

నేను నోరు తెరిచేలోగా సెట్టి గోతాలు కింద పడేశాడు. "ఓయమ్మ! కాశమ్మా, ఇది నీ ఇల్లా? ఈ నెయ్యాయన నీ మొగుడా?"

"అవును సెట్టిమామా, నా ఖర్మ. నిన్న నువ్వు పక్కకు తీసిపెట్టిన జొన్నలకు ఈయన్నే పంపుదామనుకుంటాండ. అయ్యా ఇనస్పెక్టరు, ఈయన పేరు నేనే రాయించిపోతి గద, పని రేపట్నుంచేనా?"

ఇనస్పెక్టరు జాబితా వంక, సెట్టి నా వంక చూశారు. కోడి కూడా గుమ్మిలోంచి మెడ ఎత్తి చూసింది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను నూతిలోంచి మాట్లాడినట్టు.

"చెప్పలేదా? నిన్న చింతపండు ముందర బెట్టుకొని అంతా చెప్తిని! ఊఁ అంటివి, ఊఁ ఊఁ అంటివి!"

ఇనస్పెక్టరు ముక్కు పట్టుకొని, "అమ్మా, ఈయన పేరు కొట్టేసినా. కొట్టేసిన పేరు మళ్ళా రాయకూడదు" అన్నాడు.

కాశమ్మ మోపు దించి చెయ్యి గుమ్మిలో పెట్టింది. కోడి ఆమెను ఏమీ అనలేదు. టోపీ తీసి, దులిపి ఆయన చేతికిచ్చింది. "అయితే నా పేరు రాయి. ఈయన్ను నా కింద రాసుకో."

ఆయన టోపీ పెట్టుకొని రాశాడు. అందరు ఆడవాళ్ళకూ 'ఫలానావాడి భార్య' అని రాసే రోజుల్లో, ఆ జాబితాలో నేనొక్కణ్ణే 'కాశమ్మ భర్త'.

నాకు రోషం వచ్చింది. చదువుకున్నవాణ్ణి కదా! "సెట్టిగారూ, మరి నాకు పరపతి లేదా?" అని మంచి చెవిలోనే అడిగాను.

సెట్టి గోతాలు దులుపుకొని చంకన పెట్టుకుంటూ అన్నాడు: "పరపతి ఆ యమ్మది నాయనా. నువ్వు ఉత్త పతివి."

చొక్కా ఉతికినా నేతి వాసన వదల్లేదు. పుల్లయ్య దాన్ని తొడుక్కున్నప్పుడల్లా కుక్కలు వెంటబడేవి. త్రిపురాంతకం రోడ్డు మీద మట్టి మోసినన్నాళ్ళూ మేస్త్రి "కాశమ్మ మొగుడా, గంపెత్తు!" అని కేక వేసేవాడు, నేను ఎత్తేవాణ్ణి. ఇప్పుడు బస్సులో ఆ రోడ్డున పోతూ కుదుపులకు విసుక్కునే కుర్రకారు తెలుసుకోవాలి, దాని కింద నా పరపతి పూడ్చిపెట్టి ఉంది.

ఇక ఆ పుస్తకం. చెదలు తిన్న ఆ పేజీ మొదట్లో ఏముండేదో ఆలోచించి ఆలోచించి తేల్చాను. "అని మూర్ఖులు తలచెదరు" అని ఉండి ఉంటుంది.

కాబట్టి ఈ కాగితం మీద, నా మిగిలిన పళ్ళ సాక్షిగా, గంభీరంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నెయ్యి దొరికితే అన్నంలో పోసుకుంటాను. అట్ట లేని పుస్తకాన్ని నమ్మను. కాశమ్మ మాట్లాడుతుంటే చేతిలో ఏమున్నా కింద పెడతాను. ఇక మీసమంటారా, ఆ సాయంత్రమే గొరిగించేశాను. ఈనాటివరకూ మళ్ళీ పెంచలేదు, పరపతినీ పెంచలేదు. అయినా ఎర్రకుక్క ఎదురైతే మాత్రం ఇప్పటికీ మూతి తుడుచుకుంటాను.