ఎడమవైపు కాజాలు

కోర్టు వెనక గేటుకి ఎదురుగా, జెరాక్సు షాపుకీ టీ కొట్టుకీ మధ్య ఒదిగి ఒక దర్జీ కొట్టు ఉంది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ కోట్లమ్మ అంటారు. కొత్తగా విన్నవాళ్లు ఈవిడకి కోట్లున్నాయి కాబోలు అనుకుంటారు. ఉన్న మాట నిజమే. గోడ పొడవునా కొక్కేలకి వేలాడుతూ ఉంటాయి. అన్నీ నల్లవే, అన్నీ పరాయివాళ్లవే.

కొట్టు మొదట అత్తగారిది. కాపురానికి వచ్చిన కొత్తలో కోట్లమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా తెలియదు. అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని నేర్పింది. ఒక్కనాడూ విసుక్కోలేదని కోడలు ఇప్పటికీ తలచుకుంటుంది. ఇప్పుడు పెద్దావిడకి చూపు మందగించింది. కత్తెర కోడలికి అప్పగించేసి, గుమ్మం పక్క వెలుతురులో స్టూలు వేసుకుని కాజాలు మాత్రం కుడుతుంది. కాజా కుట్టడానికి కళ్లెందుకు, వేళ్లు చాలు అంటుంది. ఎక్కడ కుట్టాలో కోడలు సుద్దముక్కతో లావుగా గీసి ఇస్తే, మిగతా పని ఆ వేళ్లే చూసుకుంటాయి.

కోట్లమ్మకి చదువు పిచ్చి ఎక్కించింది కూడా ఆ కొట్టే. ట్రయల్‌కి నిలబడిన లాయర్లకి చేతులు కదపడానికి వీలుండదు గాని నోటికి అడ్డేముంది? ఆ పూట వాదించిన కేసంతా అక్కడే మళ్లీ వాదించేవారు. ఈవిడ గుండుసూదులు గుచ్చుతూ, తరువాత ఏమైందండీ, ఆ సాక్షి వచ్చాడా అండీ, అని అడిగేది. ఒకసారి ఒక పెద్ద లాయరుగారు, ఇంత శ్రద్ధగా నా జూనియర్లు కూడా వినరమ్మా, నువ్వే చదవరాదూ, అన్నారు. ఆయన మాటవరసకి అన్నారు. ఈవిడ మనసుకి పట్టించుకుంది.

సాయంకాలం కాలేజీలో చేరింది. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లల్ని వాళ్ల ఇళ్ల దగ్గర దింపేసి, ఖాళీ వ్యానులో భార్యని కాలేజీకి తీసుకెళ్లేవాడు. ఆఖరి స్టూడెంటు దిగండమ్మా అని గేటు దగ్గర రోజూ ఒకే జోకు వేసేవాడు. ఆవిడ రోజూ నవ్వేది. అలా లా పట్టా చేతికి వచ్చింది. ఇక మిగిలింది బార్ పరీక్ష. అది గట్టెక్కితేనే నల్లకోటు వేసుకుని జడ్జిగారి ముందు నిలబడనిస్తారు.

మొదటిసారి రాసి వచ్చిన ఉత్సాహంలో, ఫలితాలు రాకముందే ఆవిడ తన కొలతలకి ఒక కోటు కుట్టేసుకుంది. మంచి గుడ్డ, మెత్తని లైనింగు, లోపల రెండు జేబులు. అత్తగారు కాజాలు కుట్టి ఇస్తూ, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టుందే నీ యవ్వారం, అని నవ్వింది.

పరీక్ష పోయింది.

కోటుని ఇంటికి తీసుకెళ్లడానికి ఆవిడకి మనసొప్పలేదు. కొట్టులోనే తగిలించి, ఎవరూ అడగకుండా ఉండాలని, దాని మీద లేని కస్టమరు పేరుతో ఒక చీటీ కుట్టింది. రెండోసారి మరింత గట్టిగా చదివింది. తెల్లవారుజామున లేచి, దేవుడి పటం ముందు కాసేపు కళ్లు మూసుకుని, తరువాత పుస్తకం తెరిచి పైకి చదివేది. సెక్షన్లన్నీ కంఠతా వచ్చేశాయి. ఆ గొంతు వినబడితే చాలు, పక్కింటివాళ్లు టీవీ తగ్గించేసేవారు. ఆవిడ అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఇలాంటి మేలు లోకంలో ఎంత జరుగుతుందో దేవుడికే తెలియాలి.

రెండోసారీ పోయింది.

ఈసారి ఆవిడ ఏడవలేదు. పుస్తకాలు తెచ్చి కత్తిరింపు ముక్కల బుట్ట అడుగున పెట్టి, పైన గుడ్డ పీలికలు కప్పింది. పొట్టకూటికి కత్తెర ఉంది, అది చాలు దేవుడా అనుకుంది. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలని భర్త గుర్తుచేస్తే, పాత దరఖాస్తులకే గతి లేదు అని ఊరుకుంది. అతను మర్నాడు ఆఖరి స్టూడెంటు జోకు వేయాలని నోరు తెరిచి, మానేసి, మిషనుకి నూనె వేసి వెళ్లిపోయాడు.

అలా ఉండగా ఒక ఉదయం ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ కొట్టులోకి వచ్చింది. కొత్తగా వచ్చిన లాయరు. మనిషి చిన్నది, మాట పెద్దది, కోర్టులో అందరూ చిట్టి లాయరంటారు. ఆటో కమ్మీకి తగులుకుని ఆ అమ్మాయి కోటు భుజం నుంచి నడుము దాకా చిరిగిపోయింది. ఆ రోజే మొదటి కేసు, బెయిలు కోసం. జడ్జిగారు కోటు లేనిదే లోపల నిలబడనివ్వరు. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

కోట్లమ్మ చిరుగు చూసింది, గడియారం చూసింది, గోడవైపు చూసింది. చీటీ కుట్టిన ఆ కోటు దించి అమ్మాయికి తొడిగింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. చీటీ పుటుక్కున తెంపి, వెళ్లిరా తల్లీ, దేవుడి మీద భారం వెయ్యి, అని పంపించింది.

సాయంత్రం చిట్టి లాయరు మిఠాయి పొట్లంతో తిరిగి వచ్చింది. బెయిలు వచ్చిందట. ఈ కోటు మహత్యం అక్కా, ఇది ఎవరిదో వాళ్లని నేను బతిమాలుకుంటాను, నాకే ఇప్పించండి అంది. కోట్లమ్మ తల దించుకుని మిషను తొక్కుతూ, వాళ్లకి ఇక అవసరం లేదులే, ఉంచుకో అంది. అప్పుడే వ్యాను ఆపి లోపలికి వచ్చిన భర్త, మిఠాయి నోట్లో వేసుకుంటూ, అదేమిటి, నీ కోటు కాదూ ఇది, అనేశాడు. 

ఆ తరువాత దాచడానికి ఏమీ మిగల్లేదు. చిట్టి లాయరు కోటు విప్పబోయింది. కోట్లమ్మ విప్పనివ్వలేదు. రెండుసార్లు తప్పానమ్మా, నా తలలోకి అది ఎక్కే చదువు కాదు, నీ ఒంటి మీదైనా కోర్టు చూడనీ, అంది.

గుమ్మం దగ్గర కాజా కుడుతున్న అత్తగారు తల ఎత్తకుండానే కోడల్ని అడిగింది.

"అమ్మాయ్, కుట్టు వంకర పోతే ఏం చేస్తాం?"

"విప్పుతాం అత్తయ్యా."

"కోటు పారేస్తామా?"

"పారెయ్యం."

"కత్తెర పెట్టాక వెనక్కి రాదు. కాజా కోశాక వెనక్కి రాదు. మిగతాదంతా కుట్టే. నువ్వు తప్పింది కుట్టేనే పిచ్చిదానా. ఎక్కడ వంకర పోయిందో విప్పి చూశావా, లేక బుట్టలో పడేసి పీలికలు కప్పావా?"

బుట్ట సంగతి ముసలావిడకి ఎలా తెలిసిందా అని కోడలు తెల్లబోయింది. చూపు మందగించినవాళ్లకి ఇంట్లో వస్తువులు ఎక్కడ ఉండాలో, ఎక్కడ లేవో బాగా తెలుస్తుంది మరి.

చిట్టి లాయరు అప్పుడే చాప మీద చతికిలబడి, ప్రశ్నపత్రం తియ్యమంది. బుట్ట తిరగేసి తీశారు. మొదటి ప్రశ్న ఇది. ఒకాయన ఊరెళ్తూ తన సైకిలు పొరుగాయనకి అప్పగించాడు. పొరుగాయన దాన్ని తన బావమరిదికి ఇచ్చాడు. బావమరిది విరగ్గొట్టాడు. బాధ్యత ఎవరిది? కోట్లమ్మ తను రాసిన జవాబు గడగడా అప్పజెప్పింది. పరాయి వస్తువు అప్పగింత అంటే ఏమిటి, అది ఎన్ని రకాలు, ఏ సెక్షను ఏమంటుంది, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. చిట్టి లాయరుకి కూడా అందులో సగం గుర్తులేదు.

అత్తగారు దారం కొరికి, ఇంతకీ సైకిలు బాగుచేయించాల్సింది ఎవరే, అని అడిగింది.

కోట్లమ్మ తన జవాబంతా మళ్లీ మొదటి నుంచి నెమరేసుకుంది. అది ఆవిడ రాయనే లేదు. రెండో ప్రశ్నా అంతే, మూడోదీ అంతే. తెలిసిందంతా కుమ్మరించి వచ్చింది గాని, అడిగినదానికి జవాబు ఎక్కడా లేదు.

"మొన్న మావాణ్ణి ఏమని తిట్టావు?" అంది అత్తగారు.

ఆ తిట్టు వీధంతా విన్నదే. ఆదివారాలు కొట్టులో సాయం చేసే భర్త, ఒక లావుపాటి లాయరుగారి గుడ్డని కొలత చీటీ చూడకుండా కత్తిరించేశాడు. మనిషిని చూడకుండా గుడ్డ మీద కత్తెర పెడతారా ఎవరైనా, అని కోట్లమ్మ ఆ రోజు అతన్ని కడిగేసింది. ఇప్పుడు అతను గుమ్మానికి ఆనుకుని, మరో మిఠాయి తీసుకుంటూ, నేనేం అనలేదు బాబూ, అన్నాడు. ముందు నవ్వింది కోట్లమ్మే. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. చాలా రోజుల తరువాత వచ్చిన నవ్వు అది.

మర్నాడు దరఖాస్తు పెట్టింది. 

ఆ తరువాత ఆ కొట్టులో ఒక కొత్త పద్ధతి మొదలైంది. ట్రయల్‌కి వచ్చిన ప్రతి లాయరూ ఊరికే నిలబడకూడదు, ఒక తగాదా చెప్పాలి. ఇది చిట్టి లాయరు పెట్టిన రూలు. ఒకడి గోడ ఇంకొకడి పెరట్లో కూలింది, ఒకావిడ అమ్మిన కుక్క కొన్నవాణ్ణే కరిచింది, ఇలాంటివి. చిక్కేమిటంటే, ఆ సమయానికి కోట్లమ్మ నోటినిండా గుండుసూదులు ఉంటాయి. తొందరపడి జవాబు చెప్పడానికి వీల్లేదు. సూదులు ఒక్కొక్కటే తీసి గుచ్చుకుంటూ, ఎదుటి మనిషినీ అతని తగాదానీ నిదానంగా కొలుచుకోవాలి. ఆఖరి సూది నోట్లోంచి వచ్చాకే మాట. అత్తగారి షరతు ఇంకొకటి. ముందు ఎవరిది తప్పో చెప్పాలి, సెక్షన్లు తరువాత. కోడలు పాత అలవాటు కొద్దీ సెక్షనుతో మొదలుపెడితే, గుమ్మం దగ్గర నుంచి ఒక దగ్గు వినబడేది.

కుక్క కేసు మీద రెండు రోజులు తర్జనభర్జనలు జరిగాయి. జెరాక్సు షాపాయన కొన్నవాడి పక్షం, టీ కొట్టాయన కుక్క పక్షం. టీ కొట్టాయన ఆ వేసవంతా ఆవిడ కొట్టులో చదివే వేళకి టీ గ్లాసు కిటికీలో పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లేవాడు. పెద్ద లాయరుగారు అవసరం లేకపోయినా పాత కోటుకి గుండీలు మార్పించుకోవడానికి వచ్చి, ఒక కష్టమైన తగాదా చెప్పి వెళ్లేవారు. ఆ కోటుకి ఎన్నిసార్లు గుండీలు మారాయో ఆయనకే తెలియదు.

పరీక్ష రెండు రోజులు. వ్యాను గేటు ముందు ఆగినప్పుడు, ఆఖరి స్టూడెంటు దిగండమ్మా అన్నాడు భర్త. ఆవిడ నవ్వుతూ దిగింది. హాలులో మొదటి ప్రశ్న చదివి, పెన్ను పక్కన పెట్టి, నోట్లో లేని సూదులు ఒక్కొక్కటే తీసినట్టు కాసేపు కూర్చుంది. తరువాత రాసింది.

ఫలితం వచ్చిన రోజు ఎవరు ముందు చూశారో చెప్పడం కష్టం. జెరాక్సు షాపాయన కాగితం తీసుకుని పరుగెత్తుకొచ్చేసరికి, చిట్టి లాయరు కోట్లమ్మని గట్టిగా వాటేసుకుని ఉంది. మెడలోని టేపు ఇద్దరికీ చుట్టుకుంది. కోట్లమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని, అత్తగారి కాళ్ల దగ్గర కూలబడింది. టీ కొట్టాయన ఆ పూట ఎవరి దగ్గరా టీ డబ్బులు తీసుకోలేదు. 

అప్పుడు గుర్తొచ్చింది కోట్లమ్మకి, ప్రమాణం చేసే రోజుకి తనకి కోటు లేదని. గోడ నిండా కోట్లు, కోట్లమ్మకి కోటు లేదు. పైగా చేతినిండా పని. అత్తగారు ఏమీ ఎరగనట్టు కత్తిరింపు బల్ల కిందికి చూపించి, ఆ పెట్టె లాగమంది.

పెట్టెలో కొత్త నల్లకోటు. కోడలు పరీక్ష హాల్లో కూర్చున్న ఆ రెండు రోజుల్లో కుట్టించిందట. కొలతలకి చిట్టి లాయరు నిలబడింది. కత్తిరించి కుట్టింది భర్త. ఈసారి మూడుసార్లు కొలిచాను, అమ్మ తోడు, అన్నాడు. కాజాలు అత్తగారివి.

"ఫలితం రాకముందే కుట్టించారా అత్తయ్యా? సోమలింగం సంగతి మరిచిపోయారా?"

"నోరుముయ్యవే. తొడుక్కో."

తొడుక్కుంది. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. నడుము దగ్గర బిగుతు కాలేదు, వదులు కాలేదు. గుండీ పెట్టుకోబోయి ఆగింది. కాజాలు ఎడమవైపు ఉన్నాయి, మగవాళ్ల కోటుకి ఉన్నట్టు. ఆడవాళ్ల కోటైతే కోడలు కుడివైపు సుద్దతో గీసి ఇచ్చేది. ఈ కోటుకి గీత గీసే మనిషే ఇంట్లో లేదు. వేళ్లు తమకి అలవాటైన వైపుకే వెళ్లిపోయాయి. 

భర్త చూశాడు, నాలుక కరుచుకున్నాడు. చిట్టి లాయరు పైకీ కిందికీ చూసింది. ఎవరూ మాట్లాడకపోయేసరికి ముసలావిడకి అనుమానం వచ్చింది. దగ్గరికి రమ్మని, అంచు తడిమి చూసి, అయ్యో, అంది. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"కుట్టైతే విప్పేదాన్ని. కాజా కోసేశానే తల్లీ, వెనక్కి రాదు."

"రానక్కర్లేదు అత్తయ్యా," అంది కోడలు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని, ఆ వేళ్లతోనే ఒక్కొక్క గుండీ పెట్టించుకుంది. ఎడమవైపు నుంచే.

ప్రమాణం రోజున హాలు నిండా కొత్త లాయర్లు, వెనక వరసలో వ్యాను డ్రైవరు, టీ కొట్టాయన, అత్తగారు. గుండీల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బయటికి వచ్చాక పెద్ద లాయరుగారు మాత్రం ఒకటికి రెండుసార్లు తేరిపార చూసి, ఈ కొత్త మోస్తరు ఎక్కడిదమ్మా, ఏ దర్జీ కుట్టాడు, అని అడిగారు.

"మా ఇంట్లో దర్జీలే కుట్టారండీ," అంది కోట్లమ్మ. "మీ కోటు గుండీలు మళ్లీ మార్చాలా? రేపు రండి, కాని ఈసారి తగాదా నేను చెప్తాను."