కుందేలుకి తీసిన ఎర్రనీళ్లు

డెబ్భైల్లో నేను కాపురానికి వచ్చినప్పుడు ట్రంకుపెట్టె, బిందెలతో పాటు ఒక కుందేలుని కూడా తెచ్చుకున్నాను. కంకిపాడులో మా అమ్మావాళ్లింట్లో నా చేతుల్లో పెరిగిన తెల్ల కుందేలు. విజయవాడలో నాకు బాగా తెలిసిన ప్రాణి అదొక్కటే.

మా అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి, "ఇదేంటమ్మాయ్, సారెలో దీన్ని కూడా పెట్టారా మీవాళ్లు?" అన్నారు. నాకసలే ముక్కుమీద కోపం. "అవునండీ, లడ్డూలైతే నాలుగు రోజుల్లో అయిపోతాయని" అన్నాను. అప్పట్నించీ ఆవిడ దాన్ని "నీ పుట్టింటి సామాను" అనేవారు. అన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది.

మా ఆయన ఆటోనగర్‌లో తను పనిచేసే షెడ్డు నుంచి చెక్కపెట్టె తెచ్చి దానికి ఇల్లు చేశారు. చీమలు పడుతున్నాయని ఒక సాయంత్రం నేనే పెట్టె లోపలంతా సున్నం కొట్టాను. తెల్లారి చూద్దును కదా, ఆ తెల్లటి అడుగున నెత్తుటి చుక్క! కుందేలు ముందుకాలు పైకెత్తుకుని కూర్చుంది.

నా కేకకి అత్తగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. "ఎందుకా అరుపులు? ఇంట్లో పసుపుండగా భయమేంటి!" అంటూ పసుపు తడిపి కాలికి పట్టించి, కుందేలుని మళ్లీ పెట్టెలో వదిలారు. కాఫీ తాగి వచ్చేసరికి పెట్టె నిండా ఎర్రటి అడుగులు.

"అయ్యయ్యో, నెత్తురు ఆగట్లేదండీ అత్తయ్యా!"

"పసుపు చాలలేదమ్మాయ్" అని ఆవిడ ఇంకా దట్టంగా మెత్తారు. అది నాలుగు గెంతులు గెంతింది, పాదం ఎర్రటి ముద్దయింది. ఎంత పసుపు రాస్తే అంత నెత్తురు! ఇక ఇది దక్కదనుకుని నేను భోరుమన్నాను. అత్తగారి మొహంలో కూడా కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. "చూస్తావేంట్రా, రిక్షా పిలు! పశువులాసుపత్రికి వెళ్దాం" అని కొడుకుని తరిమారు.

ఆయన అటు వెళ్లగానే ఆవిడకి ఇంకోటి గుర్తొచ్చింది. "నిన్న పక్కింటావిడ దీన్ని ఎంత ముద్దుగా ఉందో అంది. దిష్టి తీయకుండా గడప దాటించను." పళ్లెంలో నీళ్లు పోసి పసుపు కలిపారు. తన తాంబూలం పెట్టెలోంచి కాస్త సున్నం తీసి అందులో వేశారు. నీళ్లు ఎర్రబడ్డాయి.

ఆవిడ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. నీళ్లని చూశారు, కుందేలు కాలుని చూశారు, నేను సున్నం కొట్టిన పెట్టెని చూశారు.

"మన తెలివి తెల్లారినట్టే ఉంది! పసుపు నాది, సున్నం నీది. పొద్దుట్నించీ అత్తాకోడళ్లం కలిసి దీనికి పారాణి పెడుతున్నామమ్మాయ్! ముందు నీళ్లు పట్రా!"

కడిగితే ఎరుపంతా పోయింది. ఒకే ఒక్క గోరు చీలి, అక్కణ్ణించి సన్నగా నెత్తురు వస్తోంది. పాత చీర ముక్కతో అదిమి పట్టుకుంటే కాసేపటికి ఆగింది.

రిక్షా ఎలాగూ వచ్చేసింది కదాని ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరుగారు అంతా విని పగలబడి నవ్వారు. "నెత్తురు కనబడితే ముందు కడిగి, ఎక్కణ్ణించి వస్తోందో చూడండమ్మా. శుభ్రమైన గుడ్డతో అదమండి. పసుపులూ గిసుపులూ పుయ్యకండి. గాయం కనబడకుండా నెత్తురొచ్చినా, తిండి మానేసినా మాత్రం వెంటనే తీసుకొచ్చెయ్యండి" అన్నారు. చీలిన గోరు కత్తిరించి, ఆ పెట్టె సున్నమంతా గీకి పారేయమని చెప్పి పంపారు.

ఇంటికొచ్చేసరికి ఎర్రనీళ్ల పళ్లెం ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. పారబోద్దామని వంగాను.

"ఉండు. కలిపిన నీళ్లు ఎందుకు పాడుచెయ్యడం? మా పిల్లకి ఎంత గండం గడిచింది!" అంటూ అత్తగారు నా చేతుల్లోని కుందేలు చుట్టూ పళ్లెం తిప్పారు. 'మా పిల్ల' అన్న మాట విని నేను నోరు తెరుచుకుని ఆవిడ వంకే చూస్తున్నాను.

"నువ్వూ కదలకుండా నుంచో. పొద్దుట్నించీ ఏడ్చి మొహం పీక్కుపోయింది" అని ఆ పళ్లెమే నాకూ తిప్పారు.